బాలింత కట్టు, పాత ఫోను

నిరుడు వానకాలం. అప్పటికి నేను ఖిల్లా ఘణపూర్ మండలంల మా ఊరి అంగన్‌వాడీల ఆయమ్మను. మా ఆయన పోయినంక దొరికిన కొలువు అది, ఏండ్లు నిండి చలికాలానికి దిగిపోయిన. ఆయమ్మ అంటే వంట చేసుడు, ఊడ్చుడు, పిల్లల్ని ఇండ్లకెల్లి తోలుకొచ్చుడు. ఫోను పని టీచరమ్మది, ఆమె మీద అడిగేది సూపర్‌వైజర్ మేడం. నాకొచ్చిన అక్షరాలు నా పేరు వరకే. కాని ఆ దినం టీచరమ్మ వనపర్తికి మీటింగుకు పోవుకుంట సర్కారు ఫోను నా చేతుల వెట్టింది.

"ఆయమ్మా, మౌనికది ఒక్కటే మిగిలింది. ఇయ్యాల ముఖం ఎక్కకపోతే ఆమెకు ఈ నెల సరుకు రాదు" అని చెప్పి బస్సెక్కింది.

మౌనిక అంటే నర్సమ్మ కోడలు, పచ్చి బాలింత. ఒంట్ల రక్తం తక్కువున్నది, గుడ్లు, పాలు తప్పకుండ తినాలని దవాఖానల చెప్పిండ్రు. ఆ గుడ్లు నా దగ్గర సెంటర్లనే ఉన్నయి. అయితే ఫోను ఒప్పుకుంటెనే ఇయ్యాలె. ఒప్పుకునుడంటే ఏందంటే, ఫోన్ల ఒక గుండ్రం వస్తది. అండ్ల మనిషి ముఖం వెట్టి కండ్లు మూసి తెరువాలె. ఆధార్ ఫొటోతోని కలిస్తే పచ్చగైతది, కలవకుంటే ఎర్రగైతది. చదువు అక్కర్లేదు, రంగులు తెలిస్తే చాలు.

ఆ ఫోను నా తీరుగనే కొలువు దిగేటందుకు వచ్చింది. అద్దం పగిలింది, చార్జింగ్ సగం ఉన్నట్టే ఉండి ఒక్కపాలి ఎర్రగీతకు దుంకుతది. గసొంటి ఫోను మీ దగ్గర ఉంటే జర వినుండ్రి. పని మొదలు వెట్టే ముందు తెరిచి ఉన్నయన్ని మూసెయ్యాలె, లేకుంటే నడువది. కెమెరా బొక్కను పొడి చీరకొంగుతోని తుడ్వాలె, ఉమ్మి వెట్టి తుడిస్తే మబ్బు వడ్తది. రొట్టె పెనం లెక్క కాలితే నీళ్ళకుండ పక్కన నీడకు వెట్టి జరసేపు ఊకోవాలె. కుండ మీద వెట్టొద్దు, తడి వట్టి మొత్తానికే పోతది. ఇవన్ని చేసుకొనే నేను బయలెల్లిన.

పోతే మౌనిక చీకటర్రల కూసుంది. చెవులు మూసేటట్టు తలకు తువ్వాల కట్టు, చెవులల్ల దూది, ముఖం నిండ దిట్టంగ పసుపు. ఫోను చూపిస్తే ఎరుపు. చీకటేమో అని గడప కాడికి తెచ్చిన. ఎండ ఈపు దిక్కు వడి పిల్ల నల్లటి నీడ లెక్క కనవడ్డది. మల్ల ఎరుపు. వెలుగు ముఖం మీద వడాలని తిప్పి కూసోవెట్టిన. మల్ల ఎరుపే.

"కట్టు జర విప్పు వదినె" అన్న నర్సమ్మతోని.

"గాలి వోతది. నీ ఫోను కోసం నా కోడలికి తలనొప్పి తెమ్మంటవా?"

"ఒక్క నిమిషమే."

"గాలికి నిమిషమేంది, గంటేంది!"

సరే, కండ్లన్న మంచిగ మూసి తెరువనీ అని నేనే చేసి చూపిచ్చిన. నా ముఖం చూసి మౌనిక పక్కున నవ్వింది. గోడ మీదికెల్లి తొంగి చూస్తున్న ఆడోళ్ళు "గట్ల కాదు ఆయమ్మా, గిట్ల" అని నాకే నేర్పవట్టిరి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంట కండ్లు ఆర్పుడు, ఇరగవడి నవ్వుడు. ఫోను మాత్రం ఎరుపే.

"ఏమంటున్నది?" అనడిగింది నర్సమ్మ.

"ఈ పిల్ల మౌనిక కాదంటున్నది."

నర్సమ్మకు సర్రున కోపం లేసింది. "ఏందీ? నా కోడల్ని నా కోడలు కాదంటదా? దీన్ని అడిగి చేసుకొచ్చిననా నేను పెండ్లి?"

"నీ కోడలే వదినె, దానికి తెల్వది."

"తెల్వకపోతే తెలిపిస్త!"

గోడ మీది ఆడోళ్ళను లోపలికి పిలిచింది. నాలుగు దిక్కుల దుప్పటి వట్టుమన్నది, గాలి రాకుండ. కట్టు తనే విప్పింది, పసుపు తనే తుడిచింది. కోడలి గదుమ వట్టి ఫోను దిక్కు లేపి, "సూడే డబ్బా, బాగ సూడు! ముక్కు సూడు! గీ పుట్టుమచ్చ సూడు!" అని ఒర్లుతున్నది. నవ్వలేక దుప్పటి వట్టినోళ్ళ చేతులు జారుతున్నయి, "వట్టుండ్రే!" అని వాళ్ళ మీద ఇంకో కేక. గంతట్ల చార్జింగ్ ఎర్రగీతకు దుంకింది. ఆరిపోతే మల్ల మొదటికే, కాని నాకు నవ్వు ఆగదు, ఫోను ఊగి గుండ్రం ఎగురుతున్నది. మోచేతులు పక్కటెముకలకు అదిమి, ఊపిరి బిగవట్టిన. చెయ్యి వణికెటోళ్ళు గట్లనే పట్టుకోవాలె.

మౌనికకు నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్ళు నిండినయి. ఆపుకోలేక కండ్లు గట్టిగ మూసి తెరిచింది. పచ్చగైంది! చూడంగనే ఫోను గుటుక్కున ఆరిపోయింది. నేను సెంటరుకు పోయి చార్జింగ్ వెట్టి తెరిస్తే పచ్చ టిక్కు అట్లనే ఉన్నది.

మాపటికి గుడ్లు, పాలు తీసుకపోయి ఇచ్చిన. నర్సమ్మ అప్పటికే కట్టు ముందటికన్న గట్టిగ కట్టింది. రెండు గుడ్లు పొయ్యి మీదికెక్కించి, "ఇగ రేపటి నుంచి గుర్తువడ్తదా మరి?" అనడిగింది. వచ్చే నెల మల్ల ముఖం దియ్యాలని చెప్పిన. నన్ను తిట్టింది.

ఫోను కాదన్నదంటే దాన్ని కొట్టొద్దు, దులపొద్దు. దానికి ఏం కనవడ్తున్నదో మనం పోయి దాని దిక్కు నిలవడి చూడాలె. దిగిపోయేదాక నేను ఏ బాలింత ఇంటికి పోయినా ముందు అత్తతోని మాట్లాడిన, తర్వాతనే ఫోను దీసిన.