నరసన్న సారు రెండు ఎమ్మేలు

చదువుకున్నోళ్లలో మా నరసన్న సారంత అమాయకుణ్ని నేను ఇంకొకర్ని చూడలేదు. అమాయకుడు అనేది కూడా మర్యాదకే. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాడు. నాకు పదో తరగతిలో చెప్పింది ఆయనే. క్లాసులో నోరు తెరిస్తే ఒకటే మాట: "ఆధారం ఏదిరా? ఎవరో చెప్పినారని రాస్తే అది చరిత్ర కాదు, పుకారు." ఆ మాట వినీ వినీ మా చెవులు తూట్లు పడినాయి. ఆయన చెవికి మాత్రం ఎక్కలేదు.

నేను ఆదోనిలో డిగ్రీ మధ్యలో వదిలేసి, ఈ రెండూళ్ల మధ్య పార్సిళ్ల బండి తోలుతాండాను. డిగ్రీల మీద నాకేం భక్తి లేదు.

సారుకు ఉండేది. ఊళ్లో ఒక జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరరు ఇంకొన్నేళ్లకు రిటైరవుతాడు. ఆ కాలేజీ కరస్పాండెంటు మా సారును పిలిచి, "ఎమ్మే హిస్టరీ చెయ్యప్పా. దూరవిద్య అయినా ఏం లేదు. గుర్తింపు ఉన్నది మాత్రం కావల్ల. ఆ ఉద్యోగం నీకే" అన్నాడు. బడిలో గోడదూకే పిల్లకాయల వెంట పరిగెత్తి అలిసిపోయిన మనిషికి ఇంకేం కావల్ల?

దానికి చెయ్యాల్సిన పని ఎంత? ఫోను తీసి యూజీసీ వాళ్ల దూరవిద్య జాబితాలో, ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు అనుమతి ఉందో చూసుకునేదే. టీ చల్లారేలోపు అయిపోయే పని. సారు అది చెయ్యలేదు. నేరుగా వెంకటేశులు దగ్గరికి పోయినాడు.

వెంకటేశులు నూలు సావుకారి. మా వీధిలో సగం మగ్గాలకు నూలిచ్చేది, నేసిన బట్ట తీసుకొని కూలిచ్చేది ఆయనే. సారు భార్య భాగ్యమ్మ మగ్గం కూడా ఆ నూలుతోనే ఆడుతాది. మా నేతగాళ్లకు ఒక జబ్బుంది. కొత్తోడు నూలు అడిగితే తెలిసినోడు ఒకడు పూచీ పడల్ల. పడినాక ఇంకెవరూ నోరెత్తి అడగకూడదు. అడిగితే పూచీ పడినోణ్ని చెప్పుతో కొట్టినట్టు. నూలు వరకు సరే. వీళ్లకు పెండ్లి సంబంధానికీ అదే, కడుపు ఆపరేషనుకూ అదే, ఆఖరికి యూనివర్సిటీకీ అదే.

"ఆదోనిలో మా అల్లుడు స్టడీ సెంటరు పెట్టినాడు గదప్పా," అన్నాడు వెంకటేశులు. "యాడో ఉత్తరాన ఉండే పెద్ద యూనివర్సిటీ. యూజీసీ గుర్తింపు ఉంది. పరీక్షలు ఈడ్నే, పుస్తకం ముందర పెట్టుకొని రాయొచ్చు. నేను పూచీ."

అంతే, సారుకు చరిత్ర మీద ఉన్న అనుమానాలన్నీ తీరిపోయినాయి. నా బండిలోనే ఆదోనికి తీసుకపోయినా. బట్టల కొట్టు మీద రెండు గదులు, గోడ నిండా అల్లుడు శాలువాలు కప్పించుకున్న ఫోటోలు. ఆ అల్లుడు సారును కూర్చోబెట్టి, "సర్టిఫికెట్టు మీద పోయినేడాది తేదీ వెయ్యమంటారా, ఈ ఏడాది వెయ్యమంటారా?" అని అడిగినాడు. క్లాసులో తేదీలు తప్పు రాస్తే మా వీపులు పగలగొట్టిన మనిషి వినయంగా, "ఈ ఏడాదే వెయ్యండి" అన్నాడు.

తిరుగుదారిలో బండి ఆపి ఫోను చూపించినా. "చూడు సార్. ఆ యూనివర్సిటీ ఉండేది నిజమే, గుర్తింపూ నిజమే. అది ఆడికి పోయి చదివేటోళ్లకు. దూరవిద్య జాబితాలో దాని పేరే లేదు. ఈ కాగితం కాలేజీలో చెల్లదు."

సారు ఫోను నా చేతికిచ్చినాడు. "నిజమేరా. కానీ ఇప్పుడు వద్దంటే వెంకటేశులన్న మాట తీసేసినట్టయితుంది."

"అయితే కానీ."

"భాగ్యమ్మ మగ్గం ఏం కావల్ల?"

"అట్లయితే ఉద్యోగం మీద ఆశ వదులుకో."

"వదలను."

ఈ మేధావి కనుక్కున్న ఉపాయం ఏందంటే, రెండింట్లోనూ చేరేది. జాబితాలో ఉన్న ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎవరికీ తెలియకుండా ఒకటి, సావుకారి మొహం చూసి ఇంకొకటి. అసలు చదువు దొంగతనంగా, దొంగ చదువు దర్జాగా.

అసలుదాని మొదటి ఏడాది పరీక్షలు రాకముందే దొంగ ఎమ్మే చేతికొచ్చేసింది. వెంకటేశులు వీధిలో షామియానా వేయించి, మైకు పెట్టించి, సారుకు శాలువా కప్పినాడు. "మన వీధిలో మొట్టమొదటి ఎమ్మే! మీ పిల్లలందర్నీ చేర్పించండి. ఇంక నేనెందుకు? నరసన్న సారే పూచీ!"

రాణి లేసి నిలబడింది. మగ్గాల ఇంటి పిల్లే, బీయే చదివి సారు బడిలోనే చిన్నపిల్లలకు చెప్తాది. "రేపే పోయి చేరతా సార్. మీరు ఒక్క మాట సెప్తే సాలు."

సారు మైకు పట్టుకున్నాడు. "అందరూ బాగా చదువుకోండి" అని దిగేసినాడు. షామియానా గుంజకు ఆనుకొని నేను అంతా చూస్తాండా.

జనం లేస్తాండగా సారు రాణిని పక్కకు పిలిచినాడు. "పాపా, ఆడ చేరొద్దు. అది చెల్లదు. నేను చదివేది వేరేదాంట్లో. ఎవరికీ సెప్పద్దు."

రాణి గొంతు తగ్గించి మాట్లాడే రకం కాదు. "చెల్లదా? మరి శాలువా ఎందుకు కప్పించుకుంటివి సార్?"

వీధి వీధంతా ఇటు తిరిగింది. వెంకటేశులు దగ్గరికొచ్చినాడు. "ఏమంటాంది ఆ పిల్ల? నేను పూచీ పడితే నీకు చెల్లలేదా నరసన్నా?"

సారు శాలువా తీసి మడత పెట్టినాడు. "నీ మొహం చూసి చేరినానన్నా. నా పేరు చెప్పి ఆ పిల్లను మాత్రం చేర్చొద్దు. నేను పూచీ పడను."

ధైర్యం అనుకునేరు. పట్టుబడినోడికి ఇంకో దారి లేదు, అంతే. కాకపోతే రాణి ఆ సెంటరు మెట్లు ఎక్కలేదు. జాబితా చూసుకొని వేరేదాంట్లో చేరింది.

మర్నాటి నుంచి భాగ్యమ్మకు నూలు ఆగిపోయింది. ఇంకో సావుకారి దగ్గరికి పోతే పూచీ ఎవరన్నాడు. శాలువాకు చప్పట్లు కొట్టిన వీధిలో ఒక్కడూ ముందుకు రాలేదు. ఇప్పుడు ఆమె పొద్దున్నే నా బండెక్కి ఆదోనిలో పత్తి మిల్లుకు కూలికి పోతాది. సారు పరీక్షలకు చదువుతాండాడు.

మొన్న భాగ్యమ్మ బండెక్కుతా, వాకిట్లో పుస్తకం పట్టుకున్న మొగుడితో వీధికంతా వినపడేట్టు చెప్పింది: "ఈ ఎమ్మే తప్పితివంటే మిల్లుకు నువ్వే పోవల్ల. నేను ఇంట్లో కూర్చొని చదువుతా."