మా పెద్దమ్మను ఇంకొకాయన ఎత్తుకుపోయిన రోజు

లాయర్ని కాకముందే నా కేసు నేనే చేజేతులా పాడుచేసుకున్నాను. ఆ వైనం వింటే నా దగ్గరున్న కక్షిదారులు రేపే ఫైళ్ళు వెనక్కి పట్టుకుపోతారు.

ఎనభైల మొదట్లో సంగతి. లా కాలేజీ రాతపరీక్ష ఎలాగో గట్టెక్కి, సుబేదారిలో ఉన్న ఆ కాలేజీకే ఇంటర్వ్యూకి వచ్చాను. వర్ధన్నపేట అవతల రైతు ఇంటి పిల్లను. వరండాలో ఉన్న ముప్ఫై మందిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. పెనం మీద జొన్నగింజలా ఎగిరెగిరి పడుతున్నాను.

మూల బెంచీ మీది నుంచి నల్లకోటు వేసుకున్న నడివయసు మనిషి పిలిచాడు.

"ఇట్ల రామ్మా. జర నిమ్మలంగుండు. లా ఎందుకు చదువుతనంటున్నవ్?"

ఇంటర్వ్యూ మొదలైందనుకుని చేతులు కట్టుకున్నాను.

"మా పెద్దమ్మకు చదువు రాదు సార్. కౌలు కాగితమని చెప్పి అమ్మకం కాగితం మీద ఏలిముద్ర ఏయించుకున్నరు. రెండెకరాలు పోయింది. మా ఊర్ల కాగితం చదివెటోళ్ళు ఒక్కరన్న ఉండాలె."

"మంచిగ చెప్పినవ్. ఇంకోపారి చెప్పు."

చెప్పాను. ఈసారి కాస్త కన్నీళ్ళు కూడా కలిపాను. ఇంతలో బంట్రోతు ఏదో పేరు పిలిస్తే ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. అధికారి తన కుర్చీలోకి వెళ్తున్నాడనుకుని దండం కూడా పెట్టాను.

తర్వాత నా వంతు. లోపల ముగ్గురున్నారు, కోటాయన లేడు. మధ్యలో కూర్చున్న పెద్ద మేడం అదే ప్రశ్న వేసింది. అదే జవాబు చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది.

"ఇప్పుడే ఒకాయన వాళ్ళ పెద్దమ్మ కూడా రెండెకరాలు పోగొట్టుకుందని చెప్పి వెళ్ళాడు."

"ఆమె మా పెద్దమ్మే మేడం. ఆయన గుంజుకపోయిండు."

కోటాయనను మళ్ళీ పిలిపించారు. మేడం నావైపు చూసి, "నువ్వే అడుగు," అంది.

ఆయనవైపు తిరిగాను. "సార్, మన పెద్దమ్మ పేరేంది?"

ఆయన ఫ్యాను చూశాడు, కిటికీ చూశాడు. "పెద్దమ్మను పేరు వెట్టి పిలుస్తమా అమ్మా," అన్నాడు.

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇద్దరూ ఈ వృత్తికి పనికొస్తారు."

బయటికొచ్చాక ఆయన తల దించుకున్నాడు. "పదిహేనేండ్లు వకీలు దగ్గర గుమస్తాగ చేసిన. ఈ కోటు గూడ ఆయనదే. ఎందుకు చదువుతవంటే ఏం చెప్పాల్నో తెల్వలే." నాకు కోపం రాలేదు. తర్వాత జాబితాలో ఇద్దరి పేర్లూ వచ్చాయి.

ఆ మధ్యాహ్నం మాత్రం బస్టాండులో ఘోరమైన ప్రతిజ్ఞ చేసుకున్నాను: అడిగేవాడెవరో తేలనిదే ఈ జన్మలో ఏ ప్రశ్నకూ జవాబివ్వను.

బస్సు కదిలింది. "ఎక్కడికి?" అన్నాడొకాయన.

"మీరెవరు?" అన్నాను.

"కండక్టర్ని, బిడ్డా."