విల్బీ చొక్కా

ఛీ, ఆ పేరు తలుచుకుంటేనే ఉమ్మేయాలనిపిస్తుంది. విల్బీ అనేది ఒక తెల్లాయన ఇంటిపేరు. ఇంగ్లాండులో ఒక ఊరికీ అదే పేరట. ఆయన కంపెనీ పెట్టాడు, ఎప్పుడో పోయాడు. పేరు మాత్రం దుబాయి జెబెల్ అలీలో మా హెల్మెట్ల మీద, నేను నడిపే బస్సు మీద, క్యాంపు గేటు మీద, ఆఖరికి కక్కూసు తలుపు మీద కూడా ఉంది.

పోచన్నది జగిత్యాల దగ్గర పల్లె. సైటులో ఇనుప చువ్వలు కడతాడు. అసలు ఇంటిపేరు గుండేటి. ఆ పేరు రాసిన కంపెనీ చొక్కా తొడుక్కుని సెలవుకు వెళ్లీ వెళ్లీ ఊళ్లో విల్బీ పోచన్న అయిపోయాడు. విల్బీ అంటే బతికున్న దొర అనీ, తమకు అన్నం పెట్టేది ఆయనే అనీ వాళ్లావిడ గౌరవ్వ నమ్మకం. ప్రతిసారీ ఆయన కోసం సకినాలు విడిగా మూటకట్టి పంపేది. ఆయన ఎప్పుడో పోయాడని నేను ఎంత చెప్పినా పోచన్న వినలేదు.

"గింత పెద్దగ పేరు రాసిండ్రు. మనిషి లేకుంట ఉంటడా ఖాజా భాయ్?"

ఆ మూట తెచ్చి మా ముదీర్, అదే సైటు మేనేజరు, చేతిలో పెట్టేవాడు, పెద్దసారుకు అందించమని. సిగ్గులేని ముదీర్ అక్కడే విప్పి, టీతో కరకరా నమిలేవాడు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో చువ్వల కట్ట జారి పోచన్న కాలి మీద పడింది. పాదం నుజ్జయింది. ముదీర్ పరుగెత్తుకొచ్చాడు. కాలు చూస్తాడనుకున్నాను. చొక్కా చూశాడు.

"వీడు కూలీలను సప్లై చేసే కంపెనీ మనిషి, విల్బీ మనిషి కాదు. ముందు చొక్కా విప్పించు. బస్సు వద్దు, టాక్సీలో తీసుకుపో. ఖలాస్."

సకినాలు తిన్న నోరే అది! పోచన్న నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఇద్దరు పట్టుకుని చొక్కా లాగేశారు. థూ!

టాక్సీలో ఉండగా గౌరవ్వ ఫోన్ చేసింది. కాలికి దెబ్బ తగిలిందని నేనే చెప్పాను.

"అయ్యో నా రాత! విల్బీ సారుకు చెప్పిండ్రా తమ్మీ? గాయినే చూస్కుంటడు."

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం సారు వదినా! ఆయన ఎప్పుడో చచ్చిపోయినాడు!"

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"అయ్యో పాపం... మరి ఆయిన పెండ్లాం పిల్లలను ఎవలు చూస్కుంటున్నరు తమ్మీ?"

ఆస్పత్రిలో పోచన్నది ఏ కంపెనీ అని అడిగారు. నా ఉద్యోగం పోతే పోనీ అనుకుని, విల్బీ అని గట్టిగా చెప్పాను.