జ్వరం అడిగిన గొంతుతోనే

మెదక్ దవాఖానాలో నర్సు చదువుకు వచ్చిన పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో, వాళ్లకు ఇంజెక్షన్ వేయడం నేర్పడం నాకేమీ కష్టం కాలేదు. నోరు తెరిపించడమే కష్టమైంది. సుఖవ్యాధుల పాఠం అనగానే అందరూ తలలు వంచుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "రోగానికి లేని సిగ్గు మీకెందుకే?" అనేదాన్ని.

వాళ్లు చేసే తప్పు ఒకటే. రోగిని ఆ రోగం గురించి అడగాల్సి వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్లు. వార్డులో గుసగుస మొదలైందంటే చుట్టుపక్కల మంచాలన్నీ చెవులు నిక్కబొడుచుకోవూ మరి? అందుకని శనివారం మధ్యాహ్నాలు నాటకం ఆడించేదాన్ని. ఒకమ్మాయి కోడలు, ఒకమ్మాయి నర్సు, కొంగు నడుముకు దోపి నేను అత్త. మా వైపు దవాఖానాకు వచ్చిన కోడలికి నోరుండదు, అన్నిటికీ అత్తే జవాబు చెబుతుంది. నేనూ అలాగే అడ్డుపడేదాన్ని. నన్ను మర్యాదగా బయటికి పంపి, జ్వరం సంగతి అడిగిన గొంతుతోనే ఆ సంగతీ అడగాలి. అడగలేని పిల్లకు ఆ పూట టీ లేదు.

శంకరంపేట పిల్లకు ఎన్ని శనివారాలు గడిచినా టీ దక్కలేదు. "నాతోని కాదు సిస్టరమ్మా, నోరు తిరుగుతలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకునేది.

అలా ఉండగా శివ్వంపేట నుంచి ఒకావిడ, కడుపుతో ఉన్న కోడలిని తీసుకొచ్చింది. "రెండు కడుపులు పోయినయ్. గిది గూడ నిలువకుంటే నా కొడుక్కు ఇంకో పిల్లను తెస్త" అంది, కోడలి ముందే. రక్తపరీక్షలో సుఖవ్యాధి అని తేలింది. సూదులు వేస్తే బిడ్డ దక్కవచ్చు. కానీ మొగుడికీ వేయాలి, లేకపోతే కథ మళ్లీ మొదటికే. ఆ పూట వార్డులో ఉన్నది మా శంకరంపేట పిల్ల. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఆ పిల్ల అత్త వైపు తిరిగి, "అమ్మా, వంటింటికాడ పాలు పోస్తుండ్రు, జర తెస్తరా?" అంది. ఆమె వెళ్లగానే కోడలి నాడి పట్టుకుంది.

"జరమొస్తుందా అక్కా?"

"లేదు."

"మీ ఆయనకు కింద పుండు గిట్ల అయ్యిందా?"

అదే గొంతు. పక్క మంచం మీదావిడ తల కూడా తిప్పలేదు.

కోడలు ఒకసారి తలుపు వైపు చూసింది. "అయ్యింది, పెండ్లయిన కొత్తల. ఎవ్వలడగలె, నేను చెప్పలె. నా తప్పేనా?"

"నీ తప్పేం లేదక్కా. ఇద్దరు సూదులు తీసుకోండ్రి, తగ్గుతది."

"ఆయన్ను నేను తోల్కొస్త. మా అత్తకు చెప్పకుండ్రి."

చెప్పలేదు. మొగుడు తల వంచుకుని వచ్చాడు, సూదులన్నీ వేయించుకున్నాడు. ఆ పిల్లకు టీ నేనే కాచి ఇచ్చాను. సంతోషంతో చక్కెర ఎక్కువే వేశాను.

కానుపయ్యాక ఆ కోడలు బిడ్డను చూపించడానికి వచ్చింది. మనవరాలిని అత్త చంక దిగనివ్వడం లేదు. బెంచీ మీద ఎవరో కొత్త కోడలు నేల చూస్తూ కూర్చుని ఉంది. మన శివ్వంపేట కోడలు ఆమె పక్కన చేరి, మా శంకరంపేట పిల్లను చూపిస్తూ, గొంతేమీ తగ్గించకుండానే చెప్పింది: "గా సిస్టర్ కాడికి పో చెల్లే. ఆమె అడుగుతది, నువ్వు చెప్పు. నేను గూడ చెప్పిన."