తాతయ్య చేతి వణుకు

నా చిన్నప్పుడు, సింగపూర్ వచ్చిన కొత్తలో, గడప దాటితే నా నోరు పెగిలేది కాదు. కాస్త ప్రోగ్రామింగ్ తెలిసిన ప్రతివాడూ విమానం ఎక్కేస్తున్న రోజులవి. నాన్నకీ ఇక్కడ ఉద్యోగం దొరికింది, క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో దిగాం. ఇంగ్లీషు రాదని బడిలో నన్ను ఒక తరగతి కిందకి దింపారు. ఎవరేమడిగినా తల దించుకునేదాన్ని. పిల్ల ఇలాగే మాట్లాడకపోతే ఇంకా కింది తరగతికి పంపాల్సి వస్తుందని టీచర్ అమ్మని పిలిచి చెప్పింది. నాకేమీ రాదని నాకు నేను తేల్చేసుకున్నాను.

అప్పుడే మా తాతయ్య, నాయనమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చారు. తాతయ్య బడికి వెళ్ళింది తక్కువ. గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లులో చేరి, ఆయిల్ ఇంజన్లు విప్పి చూసీ చూసీ ఇంజనీరైన మనిషి. చుట్టుపక్కల ఏ మిల్లు ఆగినా ఆయనకే కబురొచ్చేది. ఇంట్లోనూ అంతే, పెళ్ళి సంబంధం నుంచి నీళ్ళ మోటారు దాకా ఆయనదే చివరి మాట. ఇంగ్లీషు పేర్లు తెలియవు కనుక ఇంజన్లోని భాగాలకి అత్తగారు, ఆడపడుచు, చిన్నల్లుడు అని తానే పేర్లు పెట్టుకున్నారు. చిన్నల్లుడు అలిగాడు, కాస్త నూనె పొయ్యండ్రా అంటే మిల్లులో అందరికీ అర్థమయ్యేదట.

ఒక శనివారం నాయనమ్మ గారెలకి పప్పు రుబ్బుతుంటే మిక్సీ మొరాయించింది. మోటారు గుర్రుమంటోంది గానీ జార్‌లో బ్లేడు తిరగడం లేదు. పారేసి కొత్తది కొందామన్నారు నాన్న. తాతయ్య ఆ మాట చెవిన పెట్టకుండా హాల్లో పాత పంచె పరిచి నన్ను పిలిచారు.

"అమ్మడూ, నా చెయ్యి వణుకుతోందే. నువ్వు పట్టు."

నిజంగానే ఆయన చెయ్యి వణుకుతోంది. నాకు జాలేసింది. జార్ కూర్చునే చోట ఉన్న నల్లటి చక్రానికి పళ్ళు అరిగిపోయాయి, దాన్ని ఊడదీయాలి. అడుగున ఇరుసును ఆయన గట్టిగా పట్టుకున్నారు. నేను ఎంత తిప్పినా చక్రం కదల్లేదు. నావల్ల కాదని ఏడుపు మొహం పెట్టాను.

"వీడు చిన్నల్లుడే! ఎడ్డెమంటే తెడ్డెమంటాడు. అటు తిప్పి చూడు."

అటు తిప్పితే ఊడి నా చేతిలోకొచ్చింది. నాయనమ్మ చప్పట్లు కొట్టింది.

మర్నాడు కొత్త చక్రం కోసం లిటిల్ ఇండియా వెళ్ళాం. ఆదివారం కావడంతో వీధంతా జనం. మిక్సీ సామాన్ల కొట్టు ముందుకి రాగానే తాతయ్య మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డారు. నువ్వెళ్ళి పట్రా అన్నారు. దాన్నేమంటారు తాతయ్యా అని అడిగాను.

"నాకేం తెలుసే? ఉన్నది చూపించు, అది చేసే పని చెప్పు."

ఇక తప్పదు. లోపలికి వెళ్ళి పాత చక్రం ఉన్న అరచెయ్యి చాపాను.

"అంకుల్, దిస్ వన్... మిక్సీ. టీత్ ఆల్ గాన్. నాట్ టర్నింగ్."

కొట్టాయన నవ్వాడు. "ఓ, కప్లర్! హ్యావ్ లా. విచ్ మిక్సీ, గర్ల్?"

దానికీ జవాబు చెప్పాను. బయటికి వస్తే తాతయ్య కొత్త చక్రం వైపు చూడనే లేదు. లోపల ఏం మాట్లాడావో చెప్పమన్నారు. రైల్లో మళ్ళీ చెప్పించుకున్నారు. ఆ వారమే బడిలో మొదటిసారి చెయ్యెత్తాను. మాట తెలియక అది చేసే పని చెప్పాను, మాట టీచరే అందించింది. నన్ను కిందకి దింపలేదు.

తాతయ్య తొంభై దాటి బతికారు. ఆయన కర్మలయ్యాక అందరం కూర్చున్నప్పుడు, తల నెరిసిన మా బాబాయి అన్నాడు, "నా చిన్నప్పటి నుంచే నాన్నకి చేతులు వణికేవి. మిల్లులో నట్లన్నీ నేనే బిగించేవాణ్ణి." మా అత్తయ్య తెల్లబోయింది. "అదేంట్రా, బిగించింది నేను కదా!" అంది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ దుఃఖంలోనే అందరికీ నవ్వాగలేదు.

ఈ ఊళ్ళోనే నేనూ ఇంజనీర్నయ్యాను. మీటింగుల్లో తెలియని మాట వస్తే ఇప్పటికీ తల దించుకోను. దీని పేరు నాకు తెలియదు, చేసే పని ఇది, అని మొదలుపెడతాను. పక్కవాళ్ళు నవ్వినా నాకేం కాదు. ఆ శనివారం తాతయ్య చెయ్యి వణక్కపోయి ఉంటే నాకు నోరొచ్చేది కాదు.