ఆవిరి పట్టిన అద్దం మీద అవ్వ చెయ్యి

నా చిన్నప్పటి ఫొటో ఒకే ఒక్కటుంది. బడిలో అందరినీ వరసగా నిలబెట్టి తీసినది. రెండో వరసలో మెడ మీద తలకి బదులు తెల్లటి మసక ఉన్న పిల్లాడే నేను. సరిగ్గా ఆ క్షణంలోనే వెనకవాణ్ని గిల్లడానికి తిరిగాను. ఏడో తరగతితో బడి నన్నూ, నేను బడినీ వదిలించుకున్నాం కాబట్టి రెండో ఫొటోకి అవకాశం రాలేదు. మసకతో నాకు అప్పుడే బంధుత్వం కలిసిందేమో, ఇప్పుడు ఈ వయసులో వానాకాలం వస్తే చాలు, సెల్‌ఫోను పట్టుకుని ఆవిరి పట్టిన కిటికీలు, తడిసిన కరెంటు తీగలు, టీకొట్టు ముందు పొగ ఫొటోలు తీసుకుంటూ పుదుచ్చేరి వీధుల్లో తిరుగుతుంటాను. మనుషుల ముఖాలు మాత్రం అడగకుండా తీయను. దానికొక కారణం ఉంది.

అప్పట్లో మేము ఈ ఊళ్లోనే ఉప్పళం పేటలో ఉండేవాళ్లం. మా అవ్వ తెల్లవారకముందే లేచి ఇడ్లీలు వేసేది. సగం వీధి ఆ ఇడ్లీలే తినేది. వంటింటి కిటికీ సందువైపు ఉండేది, దానికి ఒకే ఒక గాజు పలక. కార్తీకమాసం వానల్లో బయట చల్లగాలి, లోపల ఇడ్లీ పాత్ర ఆవిరి. రెండింటి మధ్యా చిక్కుకుని ఆ గాజు పాలు పోసినట్టు తెల్లబడేది.

ఎదురింటి మామ ఫొటో స్టూడియోలో పనిచేసేవాడు. పెళ్లి ఫొటోలన్నీ తీశాక రీలు చివర ఒకటో రెండో మిగిలితే, వాటిని ఎవరికీ అక్కరలేని వాటి మీద ఖర్చుపెట్టేవాడు. ఇస్త్రీపెట్టె నుంచి లేచే పొగ, గొడుగు అంచున వేలాడే చుక్క, మా వంటింటి కిటికీ. వీధంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నేను నవ్వేవాణ్ని. "మామా, ఈ కిటికీకి సంబంధం చూస్తా ఉండావా?" అని అడిగితే, "కుదిరితే తోడపెళ్లికొడుకువి నువ్వే లేరా" అనేవాడు.

ఆ ఏడు అవ్వకి కడుపులో గడ్డ అన్నారు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయాలన్నారు. "మనిషి తిరిగొస్తాదో లేదో, ఒక్క ఫొటో అన్నా లేదే" అని మా నాన్న మా అమ్మతో అంటుంటే నా చెవిన పడింది. నిజమే, అవ్వ ఫొటో తీయించుకునేది కాదు. మా తాతయ్య స్టూడియోవాళ్ల కోటు తొడుక్కుని ఫొటో తీయించుకున్న నెలకే పోయాడట. మొగం గోడెక్కితే మనిషి పాడెక్కినట్టేనని అవ్వ గట్టి నమ్మకం. నేను పుట్టకముందే పోయిన తాతయ్య అంటే నాకు దండ వెనకున్న ఆ అరువు కోటే. అవ్వ పోతే ఆ కోటు పాటి గుర్తు కూడా మిగలదు కదా అని భయం పట్టుకుంది. బడిలో కూర్చుని కళ్లు మూసుకుని అవ్వ ముఖం తలుచుకునేవాణ్ని. ముక్కుపుడక కుదిరితే నోరు కుదిరేది కాదు. రెండూ కుదిరేలోపు అయ్యవారి బెత్తం పడేది.

ఉండబట్టలేక మామ దగ్గరికి పోయి ఒక అబద్ధం చెప్పాను. అవ్వ ఫొటోకి సరేనంది, కానీ సిగ్గు కాబట్టి కిటికీ బయటినుంచే తీయమంది అన్నాను. మామ నమ్మాడు.

ఆసుపత్రికి బయలుదేరాల్సిన రోజు పొద్దున వాన సన్నగా పడుతోంది. మామ గొడుగు కింద కెమెరా పట్టుకుని సందులో నిలబడ్డాడు. కిటికీ గాజు పూర్తిగా తెల్లగా ఉంది. అవతల అవ్వ ఒక నీడ, అంతే. ఈ మసకలో ముఖమెక్కడ పడుతుందని, నేను మంచినీళ్లకన్నట్టు వంటింట్లోకి దూరి, చొక్కా అంచుతో గాజుని శుభ్రంగా తుడిచేశాను.

అవ్వ తలెత్తింది. తుడిచిన చోట కెమెరా కన్ను కనిపించింది. చేతిలోని తడిగుడ్డ జారిపోయింది. గబుక్కున ముఖం మీదికి కొంగు లాక్కుంది. అవ్వ కోపం నాకు తెలుసు, రోజూ తిట్లు తినేవాణ్ని. కానీ అవ్వ భయపడటం నేను చూడటం అదే మొదలు. అయినా నోరు ఊరుకోలేదు. "తియ్యి మామా, తియ్యి!" అని అరిచాను.

మామ తీయలేదు. కెమెరాకి మూత పెట్టేశాడు. చుట్టు తిరిగి వచ్చి, నీళ్లు కారుతూ వంటింటి గడప బయటే నిలబడ్డాడు.

"అవ్వ సరేనన్నదంటివే?" అన్నాడు నాతో. నేను నేల చూశాను.

"నేను యాడ సరేనంటిని తంబీ?" అంది అవ్వ మామతో, కొంగు తీయకుండానే.

"తప్పు నాదే పెద్దమ్మా. నిన్ను అడగాల్సింది, వీడి మాట నమ్మినా." ఆ మాట అన్నాక నా వైపు మళ్లీ చూడనైనా చూడలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. అవ్వతోనే, "మొగం వద్దులే. వీడు తుడిచిన కాడ మళ్లా ఆవిరి పట్టినాక, ఆ ఆవిరిని తీసుకోనా? వద్దంటే పోతా" అన్నాడు.

అవ్వ వంగి జారిపోయిన తడిగుడ్డ తీసుకుంది. తర్వాత మెల్లగా కొంగు దించింది. "ఆవిరికేముంది తంబీ, దాని ఆయుస్సే రెండు నిమిషాలు. తీసుకో."

ఇడ్లీ పాత్ర మూత తనే ఎత్తి పట్టుకుంది. మామతో పాటు నేనూ సందులోకి వెళ్లాను. నేను తుడిచిన చోటు అంచుల నుంచి మెల్లగా పూడుకుంటూ వచ్చింది. అవ్వ మళ్లీ నీడ అయిపోయింది. మామ కెమెరాకి కన్ను ఆనించాడే గానీ నొక్కలేదు. ఎందుకు ఆగాడో నాకు తెలియదు, ఆయనకైనా తెలుసో లేదో. ఆ తెల్లదనంలోంచి ఉన్నట్టుండి ఒక అరచెయ్యి వచ్చి, అయిదు వేళ్లూ విప్పి గాజుకి ఆనుకుంది.

"మొగం కాదు గదా," అంది అవ్వ లోపలి నుంచి. "ఇది వాడికియ్యి."

అప్పుడు నొక్కాడు.

అవ్వ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. పెద్దకర్మ అయ్యాక మామ ఆ ఫొటో తెచ్చి నా చేతికే ఇచ్చాడు. అరచేతి గీతలు, బొటనవేలి కింద ఎప్పుడో ఆవిరికి కాలిన మచ్చ, చిటికెనవేలి పక్కనుంచి జారుతున్న ఒక నీటిచుక్క. తాతయ్య పక్కనే తగిలించాం, దండ వేయలేదు. ఇంటికొచ్చినవాళ్లు ఎవరి చెయ్యని అడుగుతారు. చెబుతాను.

నిజం చెప్పాలంటే అవ్వ ముఖం ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ చెయ్యి మాత్రం వందమంది చేతుల్లోంచి ఏరగలను. ఆ రోజు నా మాట విని మామ నొక్కేసి ఉంటే, కొంగు చాటున బెదిరిన మనిషిని నేను ఇన్నేళ్లూ గోడ మీద చూస్తూ ఉండాల్సి వచ్చేది. అందుకే ఎవరి ముందు ఫోనెత్తినా ముందు అడుగుతాను. ఇచ్చినంతే తీసుకుంటాను. అలాగని చాలాకాలం అనుకున్నాను.

మొన్నటి వానకి మా ఇంటావిడ ఇడ్లీలు వేస్తోంది. వంటింటి కిటికీ తెల్లబడింది. గొడుగేసుకుని బయట నిలబడి, గాజు మీద తట్టి, ఒక్క ఫొటో తీసుకోనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నీడే కదా అన్నాను. మళ్లీ అలాగే ఊపింది. చెయ్యయినా పెట్టవే అన్నాను. నాలుగోసారి తట్టేసరికి కిటికీ తలుపు తెరిచింది. ఆవిరంతా నా ముఖాన కొట్టింది.

"అడిగేది నేర్పించినాడు సరే మీ మామ, వద్దంటే పొయ్యేది నేర్పలేదా?"