ఎయినార్ దొర కట్టిన పాట

మలయాలోని హుటాన్ మెలింటాంగ్ రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే ఎయినార్ దొరది ఐస్లాండ్. అక్కడ కవి అట, కవి! కవికి ఇక్కడ నూనెగుడ్డలతో ఏం పనో అని దేవుడమ్మ మొదట్లో నవ్వుకునేది. అతనికి రెండు పూటలా తిండి ఆమె ఇంట్లోనే, తెలుగు నేర్చుకున్నదీ అక్కడే. తిన్నాక చెయ్యి కడుక్కుని తన భాషలో పాట ఎత్తుకునేవాడు. కాగితం మీద పెట్టడు, కట్టడమూ దాచుకోవడమూ అంతా నోటితోనే. వినీ వినీ ఆ పాటలన్నీ దేవుడమ్మకూ నోటికొచ్చేశాయి. అర్థం ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు!

పేర్లు మాత్రం తెలిసేవి. స్టెయిన్, హెల్గీ, యోన్. ముగ్గురూ ఒకే తుఫానులో మునిగిపోయిన అతని అన్నదమ్ములు. దొర పాటలో పేరున్న వాళ్ళంతా పోయినవాళ్ళే.

అది బ్రిటిష్ ప్రభుత్వం మీద కమ్యూనిస్టులు అడవుల్లోంచి తిరగబడ్డ ఎమర్జెన్సీ మూడో ఏడు. బెర్నాం నది ఎగువ తోటలకు బియ్యం మోసే పడవ మీద అడవిలోవాళ్ళు కాల్పులు జరిపి నెల కాలేదు. పడవ నడిపినవాడి శవం కూడా దొరకలేదు. ఇప్పుడు ఆ పనికి దేవుడమ్మ మొగుడు తాతబాబుకు పిలుపొచ్చింది. ఆ వారమే దొర కొత్త పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో "తాతబాబు" అని స్పష్టంగా వినపడింది.

దేవుడమ్మ రెండు చెవులూ మూసుకుని అరిచింది.

"ఏటి దొరా, బతికున్నోడి మీద పాడతావేటి? తీసెయ్ ఆ పేరు!"

"ఇది సావు పాట కాదు దేవుడమ్మా. తాతబాబుకి నానిచ్చే కానుక. మా దేశంలో సావాసగాడికి ఇలాగే ఇస్తారు."

"అయ్యన్నీ నాకు తెల్దు! ఆ పాట ఇంకోపాలి పాడితే ఈ గుమ్మం తొక్కకు."

దొర మొహం చిన్నబోయింది. మళ్ళీ ఆ పాట ఎత్తలేదు. అయినా ఆమెకు దడ తగ్గితేనా! పడవ బయల్దేరే పొద్దున మొగుడి చొక్కా పట్టుకుని వదలలేదు. చివరికి దొరే లేచాడు.

"నువ్వుండు తాతబాబూ. నానెల్తాను."

తాతబాబు వద్దని బతిమాలాడు. దేవుడమ్మ ఆ మాట అనలేదు.

మధ్యాహ్నానికి పడవ నీటివాలుకు వెనక్కి కొట్టుకొచ్చింది. బియ్యం బస్తాల మీద దొర బోర్లా పడి ఉన్నాడు.

ఆరేళ్ళకు మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన మెర్దేకా నాడు ఊరంతా రేడియోల చుట్టూ చేరి కేరింతలు కొట్టింది. దేవుడమ్మ గుమ్మంలో కూర్చుని దొర పాటలు ఒక్కొక్కటే పాడుకుంటోంది. ఆ ఊళ్ళో అవి ఆమెకు తప్ప ఇంకెవరికీ రావు. ఒక్కరోజు మానినా మరిచిపోతానేమోనని ఆమె భయం. తల నెరిసిన తాతబాబు పక్కన కూర్చుని విన్నాడు.

"అన్నీ పాడినావు గానీ, నా పాట పాడవే," అన్నాడు.

దేవుడమ్మ బావురుమంది.

"అదొక్కటే నాకు రాదు మావా."